మేపుల్ గిటార్ పసుపెక్కుతున్నది: కోటింగ్ వల్లనా, కర్ర వల్లనా?

ఓరుగల్లు_తీగలు (హన్మకొండ)

అందరికీ నమస్తే. నా దగ్గర ఒక ఎలక్ట్రిక్ గిటార్ ఉన్నది. బాడీ మీద చారల మేపుల్ టాప్, నెక్ కూడా మేపులే. పైన రంగు ఏం లేదు, క్లియర్ కోటింగ్ మాత్రమే. ఎన్‌ఐటీల చదువు అయిపోయి ఊరికి పోతున్న ఒకతని దగ్గర కొన్న. అప్పుడు బాడీ మీగడ రంగుల ఉండె. ఇప్పుడు తేనె రంగుకు తిరిగింది. అదన్నా అంతటా ఒక్క తీరుగ లేదు. హెడ్‌స్టాక్ (నెక్ చివర తీగలు బిగించే తల) ముఖం ముదురు పసుపు, నెక్ వెనక జర లేత పసుపు. మొన్న వాల్యూమ్ నాబ్ ఊడదీస్తే దాని కింద గుండ్రంగ తెల్లటి మచ్చ కనవడ్డది. గదిల పడమటి కిటికీ ఎదురుంగ గోడకు తగిలేసి ఉంటది గిటార్.

మా వాడల ఫర్నిచర్ పాలిష్ చేసే అన్నకు చూపెట్టిన. "మొత్తం ఎమ్రీ కొట్టి మెలమైన్ పాలిష్ ఏస్తే కొత్తదాని లెక్క అయితది" అన్నడు. మంచి పనోడే, మా ఇంటి తలుపులు ఆయన చేతివే. అయినా నాకు మనసొప్పలేదు. ఈ పసుపు అంటే ఖరాబు అయినట్టా? పైన కోటింగ్ పసుపెక్కిందా, లోపల కర్రనే పసుపెక్కిందా? తెలిసినోళ్లు జర వివరంగ చెప్పున్రి.

గోదావరిఖని_బేస్

ముందుగాల ఆ ఎమ్రీ కాయితం పక్కన పెట్టియ్యి తమ్మీ. తెలుసుకున్నంక ఏదన్నా చేయొచ్చు, గీకినంక మాత్రం ఏం చేయలేం. నా బేస్ నెక్ కూడా మేపులే, అదే తేనె రంగు. నాకైతే ఆ రంగు చూస్తేనే వాయించబుద్ధి అయితది. కంపెనీలు కొత్త గిటార్లకు కావాలని ఆ రంగు ఏసి, దానికి ఎక్కువ పైసలు తీసుకుంటున్నయి.

ఫ్రెట్‌బోర్డ్_కాకా (కరీంనగర్)

తమ్ముడూ, "పసుపు" అని మనం ఒకటే మాట అంటం గాని అది మూడు తావుల నుంచి వస్తది. ఏ తావు నుంచి వచ్చిందో తేలకుండ చెయ్యి పెట్టొద్దు.

కర్ర సంగతి ముందు. మేపుల్ కోసినప్పుడు తెల్లగ ఉంటది. వెలుగు తాకిన కొద్దీ బంగారు రంగుకు పోతది. పైన కోటింగ్ ఉన్నా లేకున్నా పోతది. నీ నాబ్ కింద తెల్ల మచ్చ ఉన్నదంటే బాడీ రంగు మారింది వెలుగు వల్లనే అని ఆ మచ్చే సాక్ష్యం చెప్తున్నది.

ఇగ కోటింగ్. పాత అమెరికన్ గిటార్ల మీద ఎక్కువగ నైట్రోసెల్యులోజ్ లక్కర్ ఉంటది. మన దగ్గర ఎన్‌సీ లక్కర్ అంటరు. అది దానికదే పసుపెక్కుతది. 1950ల ఫెండర్ కంపెనీ మేపుల్ నెక్‌లు ఇయ్యాల అంత నిండు రంగుల కనవడ్తున్నయంటే కర్ర, లక్కర్ రెండూ కలిసి ముదిరినందుకే. 1960ల చివర్ల ఫెండర్ వాళ్లు పాలిస్టర్‌కు మారిన్రు. అది మందంగ, గట్టిగ ఉంటది, పసుపెక్కుడు చాలా తక్కువ. కానీ హెడ్‌స్టాక్ ముఖం మీద లోగో డెకాల్ (అతికించే బొమ్మ) ఉంటది కదా, పాలిస్టర్‌కు దానికి పడదు. అందుకని ముఖానికి మాత్రం లక్కరే కొట్టిన్రు. 1970ల ఫెండర్ నెక్‌లు చూడు, ముఖం ముదురు పసుపు, మిగిలిన నెక్ లేతగ ఉంటది. ఒకే కర్ర ముక్క, ఒకే వయసు, ఒకే గది. కోటింగ్ ఒక్కటే తేడా. దీని మీద ఇంతకన్న మంచి రుజువు నేనెక్కడా చూడలే.

మూడోది ఫ్యాక్టరీల కలిపిన రంగు. లక్కర్‌లనో, పాలీల్నో (పాలిస్టర్, పాలియురెథేన్ కోటింగ్‌లను పాలీ అంటం) కొంచెం అంబర్ రంగు కలిపి నెక్‌కు కొడ్తరు, పాతదాని లెక్క కనవడాలని. అది వయసు వల్ల వచ్చింది కాదు, పుట్టినప్పుడే ఉన్నది. రంగు కలిపినకాడ ఉల్టా కూడా జరుగుతది. 1958 నుంచి 1960 దాక వచ్చిన గిబ్సన్ కంపెనీ లెస్ పాల్ సన్‌బర్స్ట్ గిటార్ల మేపుల్ టాప్ అంచులకు ఎరుపు రంగు ఏసిన్రు. ఆ ఎరుపు వెలుగుకు ఆగక కొన్నిటి మీద మొత్తానికే పోయింది, నిమ్మపండు రంగు మిగిలింది.

నీ గిటార్‌ది ఏ లెక్కనో తెల్వాలంటే మూడు జాగలు చూడు. పికప్ (తీగల కింద ఉండే అయస్కాంత భాగం) చుట్టూ ఉన్న రింగు విప్పి దాని కింద టాప్ రంగు చూడు. నెక్ బోల్టులు విప్పి, బాడీ లోపల కూసునే మడమ భాగం చూడు. ఆ మడమ మీదనే, బయటికి కనవడని మూల, దూది పుల్లతోని ఒక్క చుక్క అసిటోన్ అద్దు. మెత్తబడి జిగురైతే లక్కర్. ఏం కాకపోతే పాలీ. హెడ్‌స్టాక్ మీద మాత్రం ఈ పరీక్ష చెయ్యకు.

మంచిర్యాల_పాలిష్

మా నాయిన పాలిష్ పనే చేసేది, నేను కూడా చాలా రోజులు చేసిన. అందుకే ఆ పాలిష్ అన్న తరఫున ఒక మాట చెప్పాలె. ఆయన తప్పుగ ఏం చెప్పలే. మన దగ్గర చేతికొచ్చే కర్ర టేకు. టేకు మీద మెలమైన్ కొడితే కొన్నేండ్లకు అది పసుపెక్కినా మనకు కండ్లకు ఆనదు, ఎందుకంటే టేకే గోధుమ రంగు. వేప మీద, మద్ది మీద కూడా అంతే. ఇన్నేండ్ల పనిల ఆయనకు ఆ పసుపు కనవడే సందర్భమే రాలే. మేపుల్ తెల్ల కర్ర. దాని మీద ఏ కొంచెం పసుపొచ్చినా దాగదు. తెల్లగ చేద్దామని మెలమైన్ కొడితే, కొన్నేండ్లకు ఇప్పటికన్న ఎక్కువ పసుపు చూస్తవు.

ఇంకొకటి. మీ పాలిష్ అన్న దగ్గర పీయూ (పాలియురెథేన్) కూడా ఉంటది. పీయూ అంటే అంతా ఒకటే అనుకోవద్దు. ఇంటి లోపలికి అమ్మే రకాలల్ల చాలా మటుకు ఎండ తగిల్తే పసుపెక్కేవే. ఎండకు ఆగేది వేరే రకం, ధర ఎక్కువ. డబ్బా మీద "పసుపెక్కదు" అని రాసి ఉన్నదా, బయటి వాడకానికి పనికొస్తదని రాసి ఉన్నదా చూసుకోవాలె.

కెమిస్ట్రీ_సార్ (హన్మకొండ)

కాకా గారు చెప్పినదానికి వెనకున్న కారణాలు చెప్తాను.

కర్రలో సెల్యులోజ్‌తో పాటు లిగ్నిన్ ఉంటుంది, బరువులో నాలుగో వంతుకు కాస్త అటూ ఇటూ. కర్రకు గట్టిదనం ఇచ్చేది అదే. అతినీలలోహిత (యూవీ) కిరణాలను ఎక్కువగా పీల్చుకునేది కూడా అదే. ఆ శక్తికి లిగ్నిన్ విరిగి, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి క్వినోన్ల వంటి పదార్థాలు తయారవుతాయి. అవి నీలి కాంతిని మింగేస్తాయి, అందుకే మన కంటికి పసుపుగా కనిపిస్తాయి. కాబట్టి అసలు పసుపెక్కని కోటింగ్ వేసినా, అది అతినీలలోహితాన్ని లోపలికి వదిలేస్తే కింద మేపుల్ తన పని తాను చేసుకుపోతుంది.

కిటికీ అద్దం మూసే ఉంది కదా అనుకోవద్దు. మామూలు అద్దం యూవీ-బిని దాదాపుగా ఆపుతుంది. యూవీ-ఎలో ఎక్కువ భాగాన్ని మాత్రం లోపలికి వదిలేస్తుంది. వరంగల్ వేసవిలో పడమటి కిటికీ అంటే మధ్యాహ్నం నుంచి పొద్దు గుంకేదాకా ఆ వెలుగు, దానికి తోడు వేడి.

ఇక నైట్రోసెల్యులోజ్. పత్తి లాంటి సెల్యులోజ్‌ను నైట్రిక్ ఆమ్లంతో చర్య జరిపించి తయారుచేస్తారు. కాలం గడిచేకొద్దీ అందులోంచి నైట్రోజన్ ఆక్సైడ్లు కొద్దికొద్దిగా విడిపోతాయి. అలా విడిపోయినవి మిగిలిన పొరను ఇంకా త్వరగా పాడు చేస్తాయి. వెలుగు దీన్ని వేగంగా జరిపిస్తుంది. పెట్టెలో పెట్టి మూసినా పూర్తిగా ఆగదు. ఈ పదార్థానికి కర్పూరం కలిపితే సెల్యులాయిడ్ అవుతుంది. పాత సినిమా రీళ్లు దానితోనే చేసేవారు. 1959 నుంచి 1964 వరకు వచ్చిన ఫెండర్ తెల్ల పిక్‌గార్డులు కూడా సెల్యులాయిడే. అవి ఇప్పుడు లేత ఆకుపచ్చకు తిరిగాయి. లక్కర్‌కు మెత్తదనం కోసం కలిపే వాటిలో ఆముదం కూడా ఒకటి. ఏళ్లు గడిచి అలాంటి మెత్తదనం తగ్గాక, చలికి ఒక్కసారిగా గురైతే లక్కర్ సన్నని గీతలుగా పగులుతుంది.

కాజీపేట_కాయిర్

నాదొక సందేహం సార్. చర్చిలో మేం వాడే గిటార్‌లలో ఒకదాని నెక్‌కు కోటింగ్ లేదు, ఎప్పుడో అవిసె నూనె రకం రుద్దారు. వారమంతా అది పెట్టెలోనే ఉంటుంది, ఆదివారమే బయటికొస్తుంది. ఎండ ముఖం చూడకుండానే బాగా పసుపెక్కింది. వెలుగే కారణమైతే ఇదెట్లా?

కెమిస్ట్రీ_సార్

మంచి ప్రశ్న అమ్మా. అవిసె నూనె, దానితో చేసే ఆల్కిడ్ రెజిన్లు చీకట్లోనే ఎక్కువ పసుపెక్కుతాయి, వెలుగులో పెడితే కొంత వెనక్కి తగ్గుతాయి. ఇంట్లో తెల్ల ఎనామెల్ వేసిన తలుపు మీద క్యాలెండర్ తగిలించి ఉంటే, కొన్నేళ్ల తర్వాత తీసి చూడండి. దాని వెనక చోటే మిగతా తలుపు కన్నా పసుపుగా ఉంటుంది. మీ నెక్ విషయంలో జరిగింది అదే. హన్మకొండ తమ్ముడి నాబ్ కింద తెల్ల మచ్చ ఉంది, మీ దగ్గర మూసిన చోటే పసుపు ఉంది. దాన్ని బట్టే పైన ఏముందో సగం చెప్పేయవచ్చు. టంగ్ నూనె అయితే అవిసె నూనె కన్నా తక్కువ పసుపెక్కుతుంది.

కాజీపేట_కాయిర్

థాంక్యూ సార్. ఇన్నాళ్లూ పెట్టె లోపలి గుడ్డ రంగు అంటిందేమోనని అనుకుంటున్నాం. ఇంకో సంగతి కూడా గమనించాను. మా ఇంకో గిటార్‌కు మేపుల్ ఫ్రెట్‌బోర్డ్. మొదటి మూడు ఫ్రెట్ల దగ్గర కోటింగ్ అరిగిపోయి అక్కడ రంగు మారింది. కానీ అది పసుపు కాదు, బూడిద రంగు.

ఫ్రెట్‌బోర్డ్_కాకా

అది వేరే జబ్బు అక్కా. చేతి చెమట, మట్టి నేరుగ కర్రలకు దిగినయి. రోజ్‌వుడ్ బోర్డును ఉత్తగనే వదిలేస్తరు, మేపుల్ బోర్డుకు కోటింగ్ కొట్టేది ఇందుకే. పసుపును చూసి భయపడే పని లేదు గాని బూడిద రంగును పట్టించుకోవాలె. ఇంకా లోపలికి దిగకముందే పైపైన తుడిచి, అరిగిన జాగల పల్చగ కోటింగ్ అద్దాలె. మీరు కరీంనగర్ దిక్కు వచ్చినప్పుడు తీసుకురాండ్రి, చూద్దాం.

వయొలిన్ తెలిసినోళ్లకు ఈ ముచ్చట బాగ అర్థమైతది. వయొలిన్ వెనక పలక, పక్క పట్టీలు, మెడ అన్నీ మేపులే. చెయ్యి జారే మెడకు వార్నిష్ కొట్టరు, రంగు మారినా ఊకుంటరు. కచేరీల ఆ రంగు చూసి ఎవరన్నా ఖరాబైంది అన్నరా?

నిర్మల్_రంగులు

మా దగ్గర పొనికి కర్ర బొమ్మల మీద, పెయింటింగుల మీద డ్యూకో రంగులు వాడ్తరు. ఆ డ్యూకో మొదలు కార్ల కోసం వచ్చింది. 1920లల్ల డ్యూపాంట్ కంపెనీ తెచ్చిన నైట్రోసెల్యులోజ్ లక్కర్ అది. ఫెండర్ వాళ్లు తర్వాత గిటార్లకు కొట్టింది కూడా కార్ల రంగులే. అందుకే ఈ చర్చ నాకు ఇంటి ముచ్చట లెక్కనే ఉన్నది.

రంగుల పని చేసేటోనిగ ఒకటి చెప్త. పైన క్లియర్ పసుపెక్కితే కింద రంగు కూడా మారినట్టు కనవడ్తది. ఫెండర్ లేక్ ప్లాసిడ్ బ్లూ అనే నీలం ఉన్నది. పాత గిటార్ల మీద అది చాలా చోట్ల ఆకుపచ్చకు తిరిగింది. కింద నీలం ఎక్కడికీ పోలే, మీద పసుపు చేరింది, రెండూ కలిస్తే పచ్చ. ఒలింపిక్ వైట్ ఇట్లనే మీగడ రంగైంది. మీ మేపుల్ కింద రంగు లేదు కాబట్టి పసుపు పసుపు లెక్కనే కనవడ్తది, అంతే.

ఓరుగల్లు_తీగలు

అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి అన్నీ విప్పి చూసిన.

పికప్ రింగు కింద టాప్ తెల్లగ ఉన్నది, నాబ్ కింద ఉన్నంత తెలుపు. రింగు అంచు దగ్గర గీత గీసినట్టు రంగు మారింది. నెక్ మడమ మాత్రం వేరే. బాడీ లోపల, ఎన్నడూ వెలుగు చూడని జాగల కూడా లేత పసుపే, నెక్ వెనక ఎంత ఉన్నదో అంతే. మడమ చివర కోటింగ్ ఆగిపోయిన కాడ ఒక అంచు ఉన్నది. ఆ అంచు దాటితే ఉత్త కర్ర, తెల్లగ. అసిటోన్ చుక్క మడమ మీద అద్దిన, ఏం కాలే, మెరుపు కూడా పోలే. దీన్నెట్ల అర్థం చేసుకోవాలె కాకా?

ఫ్రెట్‌బోర్డ్_కాకా

శానా బాగ చూసినవు తమ్ముడూ. నీ దాంట్ల రెండు పసుపులు ఉన్నయి.

నెక్‌ది ఫ్యాక్టరీ టింట్. చీకట్ల ఉన్న మడమ కూడా అంతే పసుపు, కోటింగ్ లేని కాడ తెలుపు. రంగు కోటింగ్‌ల ఉన్నదన్నట్టు, కర్రల కాదు. అసిటోన్‌కు కరగలే కాబట్టి అది పాలీ. హెడ్‌స్టాక్ ముఖం ఇంకా ముదురుగ ఎందుకున్నదంటే, గోడకు తగిలేస్తే ముఖం కిటికీ దిక్కు ఉంటది, నెక్ వెనక గోడ దిక్కు ఉంటది. టింట్ మీద ఎండ పసుపు చేరింది. బాడీది పూర్తిగ వెలుగు పని, ఎక్కువ పాలు కర్రదే.

ఇగ ఎమ్రీ ముచ్చట. ఈ ధరల వచ్చే గిటార్ల మీద చారల మేపుల్ టాప్ అంటే చాలా వాటికి ఒక మిల్లీమీటర్ కూడా లేని వెనీర్ (పల్చటి కర్ర పొర). పాలీ మందంగ, గట్టిగ ఉంటది, దాన్ని గీకేటప్పుడు ఎక్కడ ఆగాలో చేతికి తెల్వదు. పాలీ పోయిందనుకునే లోపల్నే వెనీర్ కూడా పోయి కింద వేరే కర్ర తేలుతది. ఇగ దాన్ని ఎవరూ బాగు చెయ్యలేరు. ఒకవేళ మంచిగ గీకినా, కొత్తగ తేలిన తెల్ల మేపుల్ అదే కిటికీ ముంగట మళ్ల పసుపెక్కుతది.

మంచిర్యాల_పాలిష్

కాకా చెప్పిన చివరి మాటను నేను కండ్లార చూసిన. విరిగిపోయిన ఒక గిటార్ నెక్ దొరికితే చిన్న ముక్కలుగ కోసి, ఒకదానికి చపడా (లక్కతోని చేసే పాలిష్), ఒకదానికి మెలమైన్, ఒకదానికి ఎండకు ఆగే పీయూ, ఒకదానికి స్ప్రే డబ్బాల వచ్చే అక్రిలిక్ కొట్టిన. ఒకటి ఉత్తగనే వదిలేసిన. ప్రతి ముక్కకు సగం వరకు అల్యూమినియం ఫాయిల్ చుట్టి ఎండాకాలమంతా మిద్దె మీద పెట్టిన.

ఫాయిల్ విప్పినప్పుడు చూడాలె. ఏ కోటింగూ లేని ముక్కే బాగ మారింది, ఫాయిల్ గీత కాడ రెండు రంగులు తేటగ విడిపోయినయి. చపడా ముక్క మొదటి రోజే అంబర్ రంగు, ఫాయిల్ కింద కూడా అదే రంగు, ఎండ దిక్కు ఇంకా ముదిరింది. మెలమైన్ ముక్క ఎండ దిక్కు నిమ్మ పసుపు. అక్రిలిక్, పీయూ ముక్కలను ఏటవాలుగ వెలుతురుకు పట్టి చూస్తే పైన పొర అద్దం లెక్క తేటగ ఉన్నది, కింద కర్ర మాత్రం పసుపైంది. పీయూ ముక్క జర తక్కువ మారింది. ఆ డబ్బాల యూవీని ఆపే మందు కలిపి ఉన్నదట. నీళ్లలెక్క తేటగ ఉన్న పొర కింద పసుపెక్కిన కర్రను చూసినంక నాకు ఇంకే అనుమానం మిగల్లేదు.

ఘన్‌పూర్_కార్డ్స్

అన్నలూ, నాది అసలు మొదలే కాలే. కిట్ గిటార్ తెప్పించుకున్న, నెక్ ఉత్త మేపుల్. నాకు తెల్లగనే కావాలె, ఎప్పటికీ. ఏం కొట్టాలె? వానలు తగ్గకముందే చేసుకుందామని ఉన్నది.

ఫ్రెట్‌బోర్డ్_కాకా

ఎప్పటికీ తెల్లగ అన్నది జరగదు తమ్మీ, కాని శానా రోజులు ఆపొచ్చు. నీళ్లతోని చేసిన అక్రిలిక్ క్లియర్, లేకుంటే మంచిర్యాల తమ్ముడు చెప్పిన ఎండకు ఆగే పీయూ, యూవీ మందు ఉన్నది దొరికితే ఇంకా మంచిది. నూనె వద్దు, చపడా వద్దు, మెలమైన్ వద్దు.

వానాకాలంల మాత్రం స్ప్రే చెయ్యకు, లక్కరైతే అసలుకే చెయ్యకు. థిన్నర్ ఆవిరైనప్పుడు పైభాగం చల్లబడి గాలిల తేమ దాని మీద దిగుతది. పొర లోపల పాలు పోసినట్టు తెల్లగ అయితది. దాన్ని పోగొట్టాలంటే రిటార్డర్ (మెల్లగ ఆరే) థిన్నర్ కొట్టి మళ్ల కరిగించాలె. దసరా దాటినంక పొడి ఎండల చేసుకో. పీయూల హార్డెనర్ కలిపేదైతే దాంట్ల ఐసోసయనేట్లు ఉంటయి, ఊపిరితిత్తులకు ప్రమాదం. ముఖానికి దస్తీ కట్టుకుంటే సరిపోదు, సరైన రెస్పిరేటర్ లేకుంటే ఆ పని పెట్టుకోకు. లక్కరైనా, థిన్నరైనా గ్యాస్ పొయ్యి దగ్గరల ఉండొద్దు.

గోదావరిఖని_బేస్

నాదొక చిన్న హెచ్చరిక. దోమల క్రీము చేతులకు రాసుకుని గిటార్ ముట్టుకోకున్రి. డీట్ అనే మందు ఉన్నవి లక్కర్‌ను మెత్తగ చేస్తయి, వేలి గుర్తులు అట్లనే పడిపోతయి. రబ్బరు స్టాండ్లు కూడా లక్కర్‌కు పడవు, తాకిన కాడ కరిగి మచ్చ పడ్తది. పాలీ ఉన్నోళ్లకు అంత భయం లేదు గాని, మీ దాని మీద ఏమున్నదో తెలిసేదాక జాగ్రత్త. అగరొత్తుల పొగ, వంటింటి నూనె పొగ చేరి వచ్చిన పసుపైతే అదసలు రంగే కాదు, మురికి. కొంచెం తడి గుడ్డతోని తుడిస్తే గుడ్డ మీదికే వస్తది.

కెమిస్ట్రీ_సార్

తమ్ముడూ, గోడ మీద చోటు మార్చే వీలుందా? ఉత్తరపు గోడైనా సరే, పడమటి కిటికీకి మందపాటి పరదా అయినా సరే. ఇప్పటికే వచ్చిన రంగు పోదు, కానీ వేగం బాగా తగ్గుతుంది. ఎల్‌ఈడీ బల్బులతో ఇబ్బంది లేదు, వాటిలో అతినీలలోహితం చాలా తక్కువ.

ఓరుగల్లు_తీగలు

ఇయ్యాల్నే ఉత్తరం గోడకు మేకు కొట్టిన సార్. గీకుడు లేదు, మెలమైన్ లేదు. పాలిష్ అన్నకు కూడా మంచిర్యాల అన్న చెప్పిన టేకు ముచ్చట చెప్పిన. "నిజమే, తెల్ల కర్ర మీద నేనెప్పుడూ చేయలే" అని ఫాయిల్ ముక్కల పరీక్ష తనకు కూడా చూపెట్టమన్నడు. నెక్ మళ్ల బిగించిన, శ్రుతి కూడా కుదిరింది. కాకా, ఫ్రెట్లు బాగ అరిగినయి, మార్చాలె. బోర్డు మీద టింట్ పోకుండ అయితదా?

ఫ్రెట్‌బోర్డ్_కాకా

బోర్డు వంకర లేకుంటే గీకే పని లేదు, టింట్ అట్లనే ఉంటది. పాత ఫ్రెట్ తీసే ముందు పక్కల కోటింగ్‌ను సన్న బ్లేడుతోని గీత కోయాలె, లేకుంటే ఫ్రెట్‌తోని పాటు కోటింగ్ పెచ్చులు లేస్తయి. వంకర ఉండి గీకవలసి వస్తే బోర్డు తెల్లగ తేలుతది, మళ్ల అంబర్ కలిపి పల్చటి పొరలు కొట్టాలె. అప్పుడు నేను చుట్టూ ఉన్న రంగు కన్న ఒక మెట్టు లేతగనే ఆపుత, కింద కొత్త కర్ర వెలుగుకు ఎట్లాగూ ముదురుతది కాబట్టి. ముందు నెక్ వంకర ఉన్నదా లేదా చూడాలె. గిటార్‌ను పక్కకు వంచి, హెడ్‌స్టాక్ దిక్కు నుంచి బోర్డు అంచు మీదుగ ఒక కన్నుతోని చూసి, ఫోటో తీసి ఇక్కడ పెట్టు.